ఏ జబ్బులో తిండి వాటా ఎంత?

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పోయిన నెల ఒక ఆదివారం "గట్ హెల్త్" మీద ప్రసంగం పెట్టించారు. సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇలాంటివి మామూలే, ఒక వారం మ్యూచువల్ ఫండ్లవాళ్ళు వస్తే ఇంకో వారం వాటర్ ప్యూరిఫయర్‌వాళ్ళు వస్తారు. ఈసారి వచ్చినాయన మాత్రం బాగా మాట్లాడాడు. తెర మీద ఒక చెట్టు బొమ్మ చూపించాడు. వేళ్ళ దగ్గర పేగులు, కాండం మీద ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు), కొమ్మలకి షుగరు, బీపీ, థైరాయిడ్, కీళ్ళవాతం, సోరియాసిస్, పీసీఓడీ, మైగ్రేన్, డిప్రెషన్. డాక్టర్లు కొమ్మలు నరుకుతున్నారు, నేను వేళ్ళ సంగతి చూస్తాను అన్నాడు. చప్పట్లు మోగాయి. చివర్లో తొంభై రోజుల ప్రోగ్రాం, దానికో ధర, మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి డిస్కౌంటు.

నేను చప్పట్లు కొట్టలేదు, అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు. ఎందుకంటే ఒక్కొక్క కొమ్మనే విడిగా చూస్తే ఆయన చెప్పినదాంట్లో నిజం చాలానే ఉంది. పేగుల్లో బ్యాక్టీరియా ఉండటం నిజం, పొట్ట కొవ్వు నుంచి ఇన్‌ఫ్లమేషన్ పుట్టడం నిజం, తిండి మారిస్తే షుగరు తగ్గడం నిజం. నా అభ్యంతరమంతా ఆ చెట్టు మీదే. ఈ జబ్బులన్నీ ఒకే చెట్టు కొమ్మలు కావు. తిండికి ఒక్కో జబ్బులో ఒక్కో వాటా ఉంటుంది. ఒకదాంట్లో పదహారణాలూ తిండే, ఒకదాంట్లో పదణాలు, ఇంకోదాంట్లో అణా కూడా ఉండదు. ఈ లెక్క చెప్పకుండా "అంతా పేగుల నుంచే" అనేవాళ్ళు ఒక జబ్బు మీద రుజువైనదాన్ని తీసుకెళ్ళి ఇంకో జబ్బున్నవాళ్ళకి అమ్ముతున్నారు.

పొట్ట జబ్బుల్లోనే రెండు కొసలు

ముందు అసలు పొట్ట జబ్బులే తీసుకుందాం, పేగుల సిద్ధాంతం ఎక్కడైనా నిలబడాలంటే ముందు అక్కడ నిలబడాలి కదా. సీలియాక్ అని ఒక జబ్బుంది. గోధుమలోని గ్లూటెన్ తగిలితే శరీరం తన చిన్నపేగు లోపలి పొరని తనే పాడుచేసుకుంటుంది. విల్లెం డిక్కే అనే డచ్చి పిల్లల డాక్టరుకి గోధుమ మీద ముందునుంచే అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకని రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే నీరసించిపోవడం చూశాక ఆ అనుమానం గట్టిపడింది. ఇవాళ్టికీ ఈ జబ్బుకి గోధుమ, బార్లీ, రై మానేయడమే వైద్యం, చిటికెడు పిండి కూడా తగలకూడదు. కానీ మన దేశంలో సర్వే చేసినప్పుడు ఉత్తరాదిన ఈ జబ్బు నూటికి ఒకరి లెక్కన కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యికి ఒకరి లెక్కన కనిపించింది. మా క్లబ్‌హౌస్‌లో కూర్చున్న తెలుగు, కన్నడ, తమిళ జనం అందరినీ ఆయన గంపగుత్తగా చపాతీ మానేయమన్నాడు. వాళ్ళలో సగం మంది షుగరొచ్చిందని రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకి మారినవాళ్ళు, అప్పుడు వాళ్ళ మొహాలు చూడాల్సింది.

రెండో కొస అల్సరు. మా నాన్నకి కడుపులో పుండు అని అనంతపురంలో డాక్టరు చెప్పినప్పటినుంచీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఆయన వంట వేరు. చప్పిడి పప్పు, మజ్జిగన్నం. రాయలసీమ మనిషికి అదెంత శిక్షో వేరే చెప్పక్కర్లేదు. కారం తిని తిని తెచ్చుకున్నాడు అని బంధువులందరిదీ ఒకటే మాట. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఇది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పని అంటే మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగి, కడుపు పాడుచేసుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్లలో ఎక్కువ భాగం ఆ బ్యాక్టీరియా వల్లో, నొప్పి మాత్రలు అదేపనిగా మింగడం వల్లో వస్తాయి. ఉన్న పుండుని కారం మండించొచ్చు కానీ పుండు పుట్టించడం దాని పని కాదు. నాన్నకి చివరికి తగ్గింది యాంటీబయాటిక్ కోర్సుతోనే, అప్పటికి ఆయన చేయని నేరానికి చాలా ఏళ్ళ శిక్ష అనుభవించేశాడు.

రెండూ పొట్టలోనివే. ఒకదాంట్లో తిండే సర్వం, రెండోదాంట్లో తిండిది దాదాపు ఏమీ లేదు. సొంత ఇంట్లోనే ఇంత తేడా ఉన్నప్పుడు మోకాళ్ళకీ మెదడుకీ కలిపి ఒకే సూత్రం ఎలా చెబుతారో నాకు అర్థం కాదు.

షుగరు దగ్గర మాత్రం ఒప్పుకుంటాను

మా టీములో ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు, నలభై దాటాయి కాబట్టి కుర్రాడు అనకూడదేమో. నిరుడు ఇలాంటి ప్రోగ్రాంలోనే చేరాడు. పొట్ట తగ్గింది, మూడు నెలల షుగర్ తగ్గింది, డాక్టరే ఒక మాత్ర ఆపేశాడు. నేను ఈ చెట్టు గొడవ ఎత్తగానే "నువ్వు అలా పేపర్లు చదువుకుంటూ కూర్చో గురూ, నా ప్యాంటు మాత్రం రెండు సైజులు తగ్గింది" అన్నాడు.

అతను చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజం. టైప్ 2 డయాబెటిస్‌లో తిండి వాటా పెద్దది, మనవాళ్ళ విషయంలో మరీ పెద్దది. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగరు అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది, 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని అదే అధ్యయనం తేల్చింది. మారతహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్సులో కూర్చున్నా ఈ 62 శాతం కంటికి కనిపిస్తుంది. పప్పన్నం, సాంబారన్నం, రసమన్నం, పెరుగన్నం అని పేర్లు నాలుగు, కంచంలో ఉన్నది మాత్రం ఒకటే.

దీనికితోడు మన ఒంటి తీరు. పుణే డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ ఉండే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఐటీ పార్కు లిఫ్టులో నిలబడి చూస్తే మనవాళ్ళందరిదీ ఇదే వాలకం, సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, మధ్యలో పొట్ట. ఆ పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదు. అందులోకి రోగనిరోధక కణాలు చేరి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి రసాయనాలు వదులుతుంటాయి, ఇన్సులిన్ మాట కండరాలు, లివర్ సరిగ్గా వినకుండా పోవడంలో వీటికి చెయ్యి ఉంది. అంటే ఇన్‌ఫ్లమేషన్ ఇక్కడ నిజంగానే ఉంది. కానీ అది వస్తున్నది ప్రధానంగా కొవ్వు నుంచి. దానికి, ఈ గట్ హెల్త్ వాళ్ళు "లీకీ గట్" అని చెప్పేటట్టు, పేగులు చిల్లులు పడక్కర్లేదు.

బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ప్రయోగం చేశారు. షుగరున్నవాళ్ళకి కొన్ని నెలలపాటు రోజుకి 825 నుంచి 853 కేలరీలు మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది, 15 కిలోలు అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో ఇది 86 శాతం. రెండో ఏటికి 46 కాస్తా 36 అయింది, అది వేరే బాధ. నాకు నచ్చిన సంగతి ఏంటంటే వాళ్ళకిచ్చిన తిండి ఏ గానుగ నూనో, దేశీ విత్తనమో కాదు, ప్యాకెట్లలో వచ్చే షేకులు, సూపులు. మా క్లబ్‌హౌస్ వక్త చూస్తే మూర్ఛపోయే తిండి. అయినా షుగరు తగ్గింది, ఎందుకంటే లివర్‌లో, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరిగింది.

తెలుగు యూట్యూబులో ఒకాయన నూనె, ఉప్పు మానేయమంటాడు, ఒకాయన రోజూ కొబ్బరినూనె తాగమంటాడు, ఇంకొకాయన బియ్యం గోధుమలు వదిలేసి కొర్రలు అరికెలు వండుకోమంటాడు. మా బంధువుల్లోనే ముగ్గురికీ శిష్యులున్నారు, సంక్రాంతికి అందరూ కలిస్తే వంటింట్లో మూడు పొయ్యిలు వెలగాలి. ముగ్గురి శిష్యుల్లోనూ షుగరు తగ్గినవాళ్ళున్నారు. ఒకదానికొకటి పడని మూడు సిద్ధాంతాలూ పనిచేశాయంటే, పనిచేసింది ఏ సిద్ధాంతమూ కాదు, ఆ మూడింట్లోనూ ఉన్న ఒకే సంగతి. ముగ్గురూ స్వీట్లు, బేకరీ తిండి, రెండోసారి అన్నం వడ్డించుకోవడం మాన్పించారు, బరువు తగ్గించారు.

బెంగళూరులో ఉండి రాగుల గురించి ఒక్క ముక్క అనకపోతే బాగుండదు. ముద్ద వేరు, మాల్ట్ వేరు. మెత్తటి రాగి పిండితో పల్చగా జావ కాచి, అందులో బెల్లం వేసుకుని తాగితే షుగరు గబగబా పెరుగుతుంది. చిరుధాన్యం కదా అని అది మీమీద దయ చూపించదు.

సీఆర్‌పీ నంబరు

ఆ ప్రోగ్రాంలో చేరేముందు హెచ్‌ఎస్-సీఆర్‌పీ పరీక్ష చేయిస్తారట, చివర్లో మళ్ళీ చేయించి "చూశారా మీ ఇన్‌ఫ్లమేషన్ ఎంత తగ్గిందో" అని చూపిస్తారట. సీఆర్‌పీ అంటే లివర్ తయారుచేసే ఒక ప్రోటీను, 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట గుర్తించారు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెజబ్బు రిస్కు తక్కువ అని, 3 దాటితే ఎక్కువ అని ఒక లెక్క. కానీ ఇది జలుబు చేసినా పెరుగుతుంది, చిగుళ్ళు వాచినా పెరుగుతుంది. దగ్గుతో వచ్చి చేరి, దగ్గు తగ్గాక రెండో పరీక్ష చేయించుకున్నవాడికి కూడా ఈ ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది.

అలాగని ఇన్‌ఫ్లమేషన్‌కీ గుండెకీ సంబంధం కల్పించినది కాదు. 2017లో కాంటోస్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న పదివేలమందిని తీసుకుని, ఐఎల్-1 బీటా అనే ఒకే ఒక్క ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని అడ్డుకునే కానకినుమాబ్ మందు కొందరికి, ఉత్తుత్తి మందు కొందరికి ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గకుండానే గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. ఇది మామూలు విషయం కాదు. అయితే ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం చావుల్లో తేడా రాలేదు. బోస్టన్‌లో ఈ ప్రయోగం నడిపిన పాల్ రిడ్కరే ఇంకో మందు కూడా పరీక్షించాడు. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్. ఇది కీళ్ళవాతానికి డాక్టర్లు మొదట రాసే మందు, చవకైనది. గుండె రోగుల్లో దీనివల్ల ఏ లాభమూ కనిపించలేదు, సీఆర్‌పీ కూడా తగ్గలేదు.

నాకు ఈ రెండు ప్రయోగాలూ పక్కపక్కన పెట్టి చూస్తే కలిగే అనుమానం ఒకటే. ఇన్‌ఫ్లమేషన్ అనేది కాండం లాగా ఒకటే అయితే దాన్ని ఏ మందుతో తగ్గించినా అన్ని కొమ్మలకీ మేలు జరగాలి. జరగలేదు. కీళ్ళని కాపాడే మందు గుండెని కాపాడలేదు. మందుల విషయంలోనే ఇంత నిక్కచ్చిగా ఉండే శరీరం పసుపు పాలు తాగితే మాత్రం అన్ని చోట్లా ఒకేసారి చల్లబడుతుందా? పసుపులోని కర్కుమిన్ అసలు ఒంటికి పట్టడమే కష్టం. పట్టించడానికని మిరియాల సారం కలిపి మాత్రలుగా అమ్ముతున్నారు, అవి వాడి లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. పప్పులో వేసే పసుపుతో ఎవరికీ ఏమీ కాదు, భయపడకండి.

అక్క సంగతి

ఇదంతా నాకు క్లబ్‌హౌస్‌లో వినోదంగా మిగిలిపోయేదే, మా అక్క లేకపోతే. అక్కా బావా కె.ఆర్. పురంలో ఉంటారు, అక్క స్కూల్లో లెక్కలు చెబుతుంది. కొన్నేళ్ళ కింద పొద్దున లేచాక గంటసేపు వేళ్ళు ముడుచుకోకుండా అయ్యాయి, పాలప్యాకెట్ కత్తిరించడానికి కూడా బావని లేపేది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్ళవాతం. దాన్ని పట్టిచ్చే యాంటీ-సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్. వారానికోసారి మెథోట్రెక్సేట్, దానితోపాటు ఫోలిక్ యాసిడ్, మొదట్లో కొద్దిగా స్టెరాయిడ్. కొన్ని నెలల్లో మళ్ళీ బోర్డు మీద రాయగలిగింది.

అప్పుడు ఎవరో "ఫుడ్ సెన్సిటివిటీ" పరీక్ష చేయించమన్నారు. రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలు ఏ తిండికి ఎక్కువున్నాయో చూసి రంగురంగుల రిపోర్టు ఇస్తారు. ఎరుపులో వచ్చినవి పాలు, పెరుగు, గోధుమ, వంకాయ, టమాటా, వేరుశెనగ. ఐజీజీ చెప్పేది మీరు ఆ పదార్థం తిన్నారు, మీ ఒంటికి అది పరిచయమే అని మాత్రమే. ఎలర్జీ డాక్టర్ల సంఘాలు అమెరికాలోనూ, యూరప్‌లోనూ, కెనడాలోనూ ఈ పరీక్ష ఇందుకు వాడొద్దని ఎప్పుడో చెప్పేశాయి. అనంతపురం మనిషి రక్తంలో వేరుశెనగ గుర్తులు లేకపోతేనే ఆశ్చర్యపడాలి.

అక్క అన్నీ మానేసింది. మొదటి వారాల్లో నిజంగానే హుషారుగా ఉంది, బరువు తగ్గింది, నొప్పి లేదంది. కొన్నాళ్ళకి మాత్రలు కూడా ఆపేసింది. ఆపేయమని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు, "మీ శరీరమే మీకు చెబుతుంది" అన్నారట. శరీరం చాలా ఆలస్యంగా చెప్పింది. మెథోట్రెక్సేట్ ప్రభావం మొదలవడానికే వారాలు పడుతుంది, ఆపేశాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది, ఆ జబ్బుకి తనంతట తాను కొన్నాళ్ళు సద్దుమణిగే గుణం కూడా ఉంది. ఈ మూడింటి ఫలితమంతా వంకాయ మానేసిన ఖాతాలో పడింది. తర్వాత మణికట్టు, వేలి కణుపులు ఒకేసారి వాచాయి. ఎక్స్‌రేలో ఎముక అంచులు తిన్నట్టు కనబడ్డాయి. కీలు దగ్గర అలా పోయిన ఎముక మళ్ళీ మునుపటిలా రాదు.

కీళ్ళవాతంలో తిండి వాటా సున్నా అని నేను అనడం లేదు. 1991లో నార్వేలో కొద్దిమంది రోగులతో ముందు ఉపవాసం, తర్వాత శాకాహారం చేయిస్తే, తగ్గినవాళ్ళకి ఏడాది దాకా మేలు నిలిచింది. చేపనూనెతో నొప్పి మాత్రల అవసరం కాస్త తగ్గుతుందని చాలా ప్రయోగాల్లో కనిపించింది. పేగుల బ్యాక్టీరియా పాత్ర కూడా ఉండొచ్చు. కొత్తగా ఈ జబ్బొచ్చినవాళ్ళలో ప్రివొటెల్లా కోప్రై అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని 2013లో న్యూయార్క్ పరిశోధకులు చూపించారు. తమాషా ఏంటంటే ధాన్యాలు, పప్పులు, కూరగాయలు ఎక్కువగా తినే మనలాంటి జనాల పేగుల్లో ఈ ప్రివొటెల్లా జాతి మామూలుగానే ఎక్కువ. మరి అది మంచిదా చెడ్డదా? ఏ జాతిలో ఏ రకం, ఎవరి పేగుల్లో, ఏ జన్యువులతో కలిసి అనే దగ్గరే పరిశోధకులు ఇంకా కుస్తీ పడుతుంటే, ఇక్కడ మలం పరీక్షకి పంపితే నీకు "మంచి బ్యాక్టీరియా" శాతం ఇంత అని రిపోర్టు ఇస్తున్నారు. ఆ రిపోర్టు చూసి మందు మార్చిన రుమటాలజిస్టు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఈ జబ్బులో పెద్ద వాటాలు జన్యువులవి, పొగతాగడానిది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అక్క వీటిలో దేన్నీ ఎంచుకోలేదు. కానీ చెట్టు బొమ్మ చూశాక తను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది: "హాస్టల్లో ఉన్నప్పుడు తిండి సరిగ్గా తినకపోవడం వల్లే వచ్చిందంటావా?" నాన్నకి కారం, అక్కకి హాస్టలు. ఏ జబ్బొచ్చినా ముందు కంచం వైపు వేలు చూపించడం మనకి బాగా అలవాటు, కొత్త భాషలో చెప్పేసరికి అది సైన్సులా వినిపిస్తోంది.

పెరుగు నిజం, ఆవకాయ సందేహం

ఇంత రాశాక నాకు పేగుల మీద గౌరవం లేదనుకునేరు, ఉంది. పీచుపదార్థాన్ని మనం అరిగించుకోలేం, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటివి తయారుచేస్తుంది, ఆ పేగు గోడ కణాలకి అదే ముఖ్యమైన ఇంధనం. 2021లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు 36 మంది ఆరోగ్యవంతుల్ని రెండు జట్లు చేసి పది వారాలు ఒక జట్టుకి పీచు బాగా పెంచారు, ఇంకో జట్టుకి పెరుగు, కిమ్చీ లాంటి పులిసిన పదార్థాలు పెంచారు. పులిసినవి తిన్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కి సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు జట్టులో సగటున అలాంటి తగ్గుదల రాలేదు. నాకు ఇది ఇబ్బంది కలిగించే ఫలితమే, ఎందుకంటే నేను పీచు పక్షం. 36 మందే కదా, జబ్బు లేనివాళ్ళే కదా అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ నాకు నచ్చిన ఫలితమైతే ఆ మాట అనేవాణ్ణా అని కూడా అనిపిస్తుంది.

పెరుగులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. ఇడ్లీ పిండిలో ఉంటుంది కానీ ఆవిరి మీద ఉడికేసరికి చస్తుంది, పులియడం వల్ల వచ్చే మిగతా లాభాలు వేరే. మా అపార్ట్‌మెంట్లో కొడుకు దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "బాబూ, నాకు బీపీ ఉంది, ఆవకాయ తినొచ్చా?" అని అడిగాడు. ఇంట్లో పెట్టిందైతే నేచురల్ ప్రోబయాటిక్ అంకుల్, రోజూ తినండి అన్నాడు వక్త. హాలంతా నవ్వు, మళ్ళీ చప్పట్లు. ప్రోబయాటిక్ అంటే మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా. ఆవకాయ ఏడాది నిలవుండేది మాత్రం ముఖ్యంగా ఉప్పు, నూనె, పులుపు వల్ల. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత, ఆవకాయ అన్నంలో రెండుసార్లు కలుపుకుంటే అందులో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది. బీపీ ఉందని ఆయన ముందే చెప్పాడు. పేగుల ప్రశ్నకి చెప్పాల్సిన జవాబుని బీపీ ప్రశ్నకి చెప్పేశాడు. నేను పైన చెప్పిన అభ్యంతరం మొత్తం ఈ ఒక్క జవాబులో ఉంది.

ప్రోబయాటిక్ మాత్రల గురించి క్లుప్తంగా. యాంటీబయాటిక్ వాడాక ఇవి వేసుకున్నవాళ్ళకి సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఇంకా ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో చాలా పొట్ట జబ్బులకి వీటిని సిఫారసు చేయలేమని రాసింది. మన మందుల షాపులో మాత్రం యాంటీబయాటిక్ అడిగితే అదీ ఒక స్ట్రిప్ కలిపే ఇస్తారు.

ప్యాంట్రీని ఎవరూ డీటాక్స్ చేయరు

2019లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వండిన తిండి ఇచ్చాడు. ముందు పెట్టిన తిండిలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు దాదాపు సమానంగా ఉండేలా చూసి, కావలసినంత తినండి అన్నాడు. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు వాళ్ళు రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలోకి కాస్త తక్కువగా బరువు పెరిగారు. వండినది తిన్నప్పుడు అంతే తగ్గారు. అదే మనుషులు, అదే మనోబలం.

ఇది చదివాక మా ఆఫీసు ప్యాంట్రీని కొత్తగా చూశాను. బిస్కెట్లు, చిప్స్, తీపి కాఫీ మెషీను అన్నీ ఉచితం, పండ్లు వారానికి ఒక్క రోజు. అమెరికా టైముకి పనిచేసేవాళ్ళకి రాత్రి పదకొండింటికి దొరికేది యాప్‌లో తెప్పించుకునే బిర్యానీ. పీజీల్లో ఉండే పిల్లలకి కూరగాయలంటే సాంబారులో తేలే రెండు ముక్కలు. వీళ్ళకి ఉపన్యాసం ఇచ్చి తలా ఇంత వసూలు చేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, ప్యాంట్రీ కాంట్రాక్టు మార్చమని హెచ్ఆర్‌ని అడిగే ప్రోగ్రాం ఒక్కటీ లేదు. అందులో డబ్బు లేదు మరి.

ఒంగోలు కొలీగ్‌తో ఇదే అంటే "నువ్వు చెప్పేవన్నీ కరెక్టే, కానీ నువ్వు ఫ్రీగా చెబితే నేను అన్నం తగ్గించానా? డబ్బు కట్టాను, రోజూ ఒకమ్మాయి ఫోన్ చేసి ఏం తిన్నారు సార్ అని అడిగింది, సిగ్గేసి తగ్గించాను" అన్నాడు. ఈ మాట నన్ను ఇంకా తొలుస్తూనే ఉంది. తప్పుడు సిద్ధాంతం మీద నడిచిన ప్రోగ్రాం ఒక మనిషికి సరైన పని చేసిపెట్టింది. అతనికున్న జబ్బులో తిండి వాటా పెద్దది కాబట్టి సిద్ధాంతం తప్పైనా గట్టెక్కాడు. మా అక్కకి ఆ అదృష్టం లేదు. ఇద్దరూ విన్నది దాదాపు ఒకే ప్రసంగం.

డాక్టర్ల వంతు

ఇక్కడ డాక్టర్లని వదిలేస్తే అన్యాయం అవుతుంది. అక్క ఆ పరీక్షకి వెళ్ళకముందు తన డాక్టరుని అడిగిందట, ఏం తినాలి సార్ అని. ఏదైనా తినొచ్చమ్మా, నెక్స్ట్ అన్నాడట. సైన్సు ప్రకారం ఆ జవాబు పెద్ద తప్పేమీ కాదు. కానీ మిగతా జీవితమంతా మందులు మింగాల్సిన మనిషికి తన చేతిలో ఉన్నది ఒక్క కంచమే, దాని గురించి మూడు నిమిషాలు మాట్లాడే ఓపిక తెల్లకోటులో దొరక్కపోతే చెట్టు బొమ్మ దగ్గర దొరుకుతుంది. అక్కడ గంటసేపు వింటారు, పేరు గుర్తుపెట్టుకుంటారు, పొద్దున్నే మెసేజ్ పెడతారు.

ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టరమ్మ వేరు. నీ జబ్బుని తిండి తగ్గించదు, అలాగని తిండిని వదిలేయకు అని మొదటిరోజే చెప్పిందట. ఈ జబ్బున్నవాళ్ళకి గుండెపోటు రిస్కు ఎక్కువ కాబట్టి పొట్ట పెరగకుండా చూసుకో, వారానికి రెండుసార్లు చేప తిను, చిగుళ్ళు డెంటిస్టుకి చూపించు, ఏది మానేసినా పరవాలేదు కానీ మాత్ర మాత్రం నాకు చెప్పకుండా మానకు అందట. అక్క ఆదివారం మాత్ర వేసుకుంటుంది, ఫోన్‌లో అలారం కూడా పెట్టుకుంది. పెరుగు, టమాటా, వేరుశెనగ అన్నీ మళ్ళీ తింటోంది. వంకాయ ఒక్కటే ఇంకా ముట్టదు. నొప్పొస్తుందని కాదట, ఎరుపు రంగులో ఆ పేరు చూసినప్పటినుంచీ ఎందుకో సయించడం లేదట. గుత్తివంకాయ కూర చేసిన రోజు బావ ఒక్కడే తింటున్నాడు.